తుప్పు రుచి లేని బిస్కెట్

మార్తా, నోటికి తుప్పు రుచి తగలని ఐరన్ ఉంటుందంటే నమ్ముతావా? మన చర్చి సంఘంలో కడుపుతో ఉన్న ఆడవాళ్లందరికీ ఆ మాత్రలు బెల్లంలో చుట్టి మింగించినదానివి, నువ్వే చెప్పాలి.

మన సంఘం పిల్ల రేచెల్ బేగంపేటలో బిస్కెట్లు తయారుచేసే ల్యాబులో చేరింది. ఐరన్‌ని కంటికి ఆనని నలుసులుగా చేసి, ఒక్కో నలుసుకూ పల్చటి పొర తొడిగి బిస్కెట్ పిండిలో కలుపుతారట. ఆ పొర నోట్లో కరగదు, కడుపులోకి పోయాకే విడుతుంది. పిండిలో దాగి పనిచేసే పులిపిండి అని ప్రభువు చెప్పిన ఉపమానం మీద పాస్టరుగా ఇన్నేళ్లు గొంతు చించుకుని ప్రసంగించినవాణ్ణి, నాకు వెంటనే అర్థమైంది.

మన కోడలు సలోమికి ఆరో నెల. రక్తం తక్కువ, మాత్ర వేసుకుంటే వాంతి. మాత్ర మానకుండా ఈ బిస్కెట్ కూడా తినొచ్చని పంజాగుట్ట డాక్టరమ్మ చెప్పింది.

ఈరోజు నువ్వు ప్రభువు దగ్గరికి పోయిన రోజు. అమీర్‌పేటలోని మన ప్రార్థన గదిలో అందరం ఉపవాస ప్రార్థనలో ఉన్నాం. సలోమి బిస్కెట్ పక్కన పెట్టేసింది.

"అత్తమ్మ కోసం ఉపాసమున్న మామా. రేపు తింటలే."

"నీ కడుపులున్న బిడ్డ సుత ఉపాసముంటనన్నదా?"

అందరూ నవ్వారు, తను తప్ప. "మీరు తినరు గని, నన్ను తినమంటరు."

బైబిల్ మూసి, సంఘమంతా చూస్తుండగా ఒక బిస్కెట్ కొరికాను. మార్తా, ఉత్త బిస్కెట్‌లాగే ఉంది. అప్పుడు సలోమి తిన్నది, కడుపు తిప్పలేదంది.

సంఘంలో ఇంకొందరు గర్భిణులు ఇళ్లల్లో నీ పేరున పస్తులున్నారు. వాళ్లకు ఫోన్ కలిపి చెబుతున్నాను: అమ్మా, రేపటిదాకా ఆగకండి. ఉపవాసం వదిలి ఇప్పుడే లేవండి, ఈ పూటే తినండి.