నాన్న అడిగిన కుర్చీ ఫోటో

మస్కట్

కరుణక్కకి,

నీ తమ్ముడు సుధీర్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసుకుంటున్నది. దేవుని దయవల్ల ఇక్కడ మేం నలుగురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావ, నాన్న క్షేమంగా ఉన్నారని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? పిట్టలవానిపాలెం స్కూలుకి నువ్వింకా రెండు ఆటోలు మారే వెళ్తున్నావా?

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. మీ ఇంట్లో ఫోనంటే స్పీకరే కదక్కా, పక్కన నాన్న ఉండనే ఉంటాడు. ముందు నీకొక్కదానికే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. సుజాతతో పనిచేసే చీరాల నర్సు సెలవు మీద వస్తుంటే ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు పిల్లల కబుర్లు చెప్తాను, ఈలోగా నేను కాస్త ధైర్యం కూడగట్టుకోవాలి. హన్నా, జోయెల్ బాగున్నారు. కవలలకి నాలుగున్నరేళ్ళు నిండాయి, ఇద్దరూ రెండు పిడుగులు. సుజాత తెల్లారకముందే హాస్పిటల్ బస్సెక్కితే మళ్ళీ చీకటిపడ్డాకే రావడం. బయట ఎండకి తలుపు తెరిస్తే పొయ్యి మూత తీసినట్టుంటుంది. పార్కుకి వెళ్దామన్నా చెప్పులు కాలతాయి. ఇక నాలుగో అంతస్తులో, రెండు గదుల్లో, మేం ముగ్గురం. దుప్పట్లతో పడవలు, అట్టపెట్టెలతో చర్చి, గోధుమపిండితో ఇసుక. కుర్చీలన్నీ వరసగా పెట్టి రేపల్లె రైలంటారు. ఇంజను నేనే కావాలి. తెనాలి నుంచి రేపల్లెకి రోజుకి పదిసార్లు వెళ్ళొస్తాను, గడప మాత్రం దాటను.

నవ్వకక్కా. వాళ్ళంటే ప్రాణమే, కాదనను. కానీ పొద్దున పదింటికే గడియారం వంక చూడటం మొదలుపెడతాను. గడియ వేసుకోగలిగే తలుపు ఇంట్లో బాత్రూందొక్కటే. అందులో కూర్చుంటే కింద సందులోంచి బొమ్మలు గీసిన కాగితాలు లోపలికి తోస్తారు, బాగుందో లేదో చెప్పమని. బాగుంది, బాగుంది అంటూ ఒక్కోరోజు అక్కడే ఏడ్చాను. ఊపిరాడదు. తెనాలి కాలేజీలో అరవైమందికి లెక్కలు చెప్పినవాణ్ణి, ఇద్దరు పసివాళ్ళ ముందు చేతులెత్తేశాను.

ఇప్పుడర్థమైంది కదా. నాకిక్కడ ఉద్యోగం లేదు. వచ్చి పది నెలలైనా ఒక్కరోజు కూడా లేదు. నేనొచ్చింది సుజాత వీసా మీద. పని వెతుక్కోవాలంటే పిల్లల్ని చూసేవాళ్ళుండాలి, ఆ చూసేవాణ్ణి నేనే. వచ్చిన మొదటి వారం నాన్న ఫోన్ చేసి, "ఆఫీసులో చేరావా?" అనడిగాడు. రేపో మాపో చేరతాను కదా అని, చేరానన్నాను. ఆ ఆదివారమే నాన్న చర్చిలో లేచి నిలబడి, మావాడికి ఆఫీసులో కుర్చీ ఇచ్చిన దేవునికి స్తోత్రం అని సంఘమంతా వినేలా చెప్పాడు. వీడియో తీసి పంపింది నువ్వే. అది చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. సుజాత ఆ రోజు నుంచీ చెప్పెయ్యమంటూనే ఉంది.

అప్పట్నుంచి నాన్న ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్ళి అద్దాల తలుపు మూసుకోవడం, పిల్లల్ని నోటిమీద వేలు పెట్టుకోమనడం, ఆఫీసులో ఉన్నాననడం. ఫోన్ పెట్టేశాక, "ఆఫీసు అయిపోయింది" అంటూ లోపలికి రావడం. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు కదా, నాది బాగానే అతికింది.

పోయిన నెల నాన్న ఫోటో అడిగాడు. "ఆఫీసు కుర్చీలో కూర్చుని ఒకటి తీయించుకుని పంపరా" అన్నాడు. ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరు గది బయట స్టూలు మీద కూర్చుని, బెల్లు కొట్టగానే లేచినవాడు. ఆయన అడిగింది ఫోటో కాదని నాకు తెలుసు. సుజాత హాస్పిటల్లో శుక్రవారం సెలవునాడు ఖాళీగా ఉండే గుమస్తా కుర్చీ ఒకటుంటే, అందులో కూర్చుని తీయించుకుందామని చొక్కా కూడా ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఇంతలో ఆ గురువారం పొద్దున బట్టలారేద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. వెనకాల హన్నా తలుపు లాగి లోపల్నుంచి గడియ వేసింది. ఫోన్ లోపలుంది. ఒంటిమీద లుంగీ, బనియను. తియ్యమ్మా అంటే అద్దం అవతల నుంచి, "నాన్నా, నీకు ఆఫీసు టైమయ్యింది. పనిచేసుకో" అంది. బతిమాలాను, బెదిరించాను, ఐస్‌క్రీం కొంటానన్నాను. ఊహూ. అరగంట దాటింది, కాళ్ళ కింద గచ్చు కాలుతోంది. లోపల జోయెల్ టీవీ రిమోటు చెవి దగ్గర పెట్టుకుని, "తాతా, నేను ఆఫీసులో ఉన్నాను. పనెక్కువగా ఉంది. సాయంత్రం చేస్తాను" అంటున్నాడు. అంటూనే చెల్లెలి వైపు తిరిగి నోటిమీద వేలు పెట్టుకున్నాడు. అచ్చం నేనే అక్కా. ఆ మాట చివర నేను తీసే నిట్టూర్పుతో సహా.

నా బిడ్డలకి నేను నేర్పిన చదువు అది. నా పిల్లల లెక్కలో ఆఫీసంటే బాల్కనీ.

చివరికి అద్దం దగ్గర కూర్చుని, "ఆఫీసు అయిపోయిందమ్మా" అన్నాను. వెంటనే గడియ తీసింది. నా చెమట చూసి, "నాన్నా, మీ ఆఫీసులో ఫ్యాను లేదా?" అని అడిగింది. మధ్యాహ్నానికి ఇద్దరూ కాగితం మీద ఫ్యాను గీసి బాల్కనీ గోడకి అంటించారు. జోయెల్ తన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చి అక్కడ వేశాడు, నాన్న నిలబడే మాట్లాడుతున్నాడని.

సాయంత్రం సుజాత వచ్చాక ఆ కుర్చీలోనే కూర్చుని ఫోటో తీయించుకున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. నెత్తిమీద పిల్లల బట్టలు ఆరుతున్నాయి. ఆ ఫోటో ఈ ఉత్తరంతో పాటే పెట్టాను.

నువ్వు చదివాక ఈ ఉత్తరం నాన్నకి నిదానంగా చదివి వినిపించు. ఆ తర్వాతే ఫోటో చేతికివ్వు. కోపమొచ్చి మధ్యలో లేచి వెళ్ళినా, ఆయన తిరిగొచ్చాక మిగతాది చదువు. నాకు భయంగానే ఉంది. చెప్పేస్తే ఈ గదులేమీ పెద్దవి కావు, ఎండా తగ్గదు, అదీ తెలుసు.

ఆ నర్సు తిరిగొచ్చేటప్పుడు కందిపొడి, రంగు చాక్‌పీసుల పెట్టెలు రెండు పంపు. ఇక్కడి గచ్చంతా నల్లబల్లే. బావకి వందనాలు. తెనాలిలో అత్తయ్యగారికి ఫోన్ చేసి సుజాత బాగుందని చెప్పు. మీ ప్రార్థనల్లో మమ్మల్ని మరువకండి, పెద్దవాళ్ళ దీవెనలు మాకు కావాలి.

నాన్నని ఫోన్ చెయ్యమను. తిట్టినా సరే. ఆ తిట్లు ఈసారి హాల్లో పిల్లల మధ్య కూర్చునే వింటాను.

నీ తమ్ముడు,
సుధీర్