అత్త కడిగిన ఆల్చిప్పలు

మార్చి 3
ఓడ పగిలి ఆయిల్ కారి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఆల్చిప్పల మడుల్లోకి ఎవరూ దిగొద్దని బోర్డు పెట్టారు. కంపెనీ వాళ్ళు మాత్రం దిగి, ఏదో మందు చల్లి మడులన్నీ కడిగేశారు. ఇప్పుడు వాళ్ళ మనిషి వీధిలో ఇల్లిల్లూ తిరుగుతూ ఫారాలు పంచాడు. మా ఇంటికొచ్చి, మా సరుక్కి ఆయిల్ అంటనే లేదు, అయినా జాలిపడి ఎంతో కొంత ఇస్తాం అన్నాడు. ఫారం మీద సంతకం పెడితే ఇక కేసు వేయకూడదట. ఒళ్ళు మండింది. నీ జాలి నీ దగ్గరే పెట్టుకో అన్నాను. టీ కూడా ఇవ్వలేదు.

మార్చి 5
ఐస్ ఫ్యాక్టరీ పక్కగదిలో లీగల్ ఎయిడ్ లాయరమ్మ కూర్చుంటోంది. ఫీజు లేదు. ఫ్యానూ లేదు. ఆయిల్ పడిన రోజు ఏరినవేమైనా మిగిలాయా అంది. పెరట్లో బస్తాడున్నాయి. ఎలా ఉన్నవి అలాగే సోమవారం తెమ్మంది. ల్యాబ్‌కి పంపాలట. కేసు వాటి మీదే నిలబడుతుందట.

మార్చి 8, ఉదయం
సర్వనాశనం.

మార్చి 8, సాయంత్రం
ఆయన పోయాక ఇంట్లో అత్తా నేనూ ఇద్దరమే. నేను లేచేసరికి అత్త బస్తా విప్పేసి ఉంది. కుళ్ళిన మాంసం గీకి పారేసింది. చిప్పల్ని బ్రష్షు పెట్టి తోమి తోమి బుట్టలో తెల్లగా పేర్చింది. లాయరమ్మ చేతికి మురికి సరుకు ఇస్తామా అంది. యాభై ఏళ్ళ అలవాటు. కడగొద్దని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. అయినా ఆవిడ మీదే నోరు పారేసుకున్నాను.

మార్చి 9
అత్త అన్నం ముట్టలేదు. తన వల్లే అంతా పోయింది కాబట్టి కంపెనీ మనిషి వదిలివెళ్ళిన ఫారం మీద వేలిముద్ర వేసేస్తానంది. ఫారం లాక్కున్నాను. వేస్తే ఇల్లు వదిలి పోతానన్నాను. ఎక్కడికి పోతావంది. అదీ నిజమే.

మార్చి 10
ఉన్నది ఉన్నట్టు చెబుదామని అత్తని వెంటబెట్టుకుని వెళ్ళాను. లాయరమ్మ తిట్టలేదు. ఎంతసేపు తోమారని అడిగింది. తన పనిని శంకిస్తోందనుకుంది అత్త. మామూలుగా చిప్పకి రెండు రుద్దులు చాలట. ఇవి జిడ్డు వదలక చేతులు పడిపోయాయట, బంగారం లాంటి బ్రష్షు కూడా పాడైపోయిందట. లాయరమ్మ రాయడం ఆపేసింది. ఆ బ్రష్షు ఎక్కడుందంది.

ఆల్చిప్పలు ఏరే మాలో ఎవరి బ్రష్షు వాళ్ళదే. ఒకరిది ఒకరం ముట్టుకోం, పీచు ఊడేదాకా పారేయం. అత్తది పెరటి గోడకి మేకు మీదే ఉంది, మొదళ్ళ దాకా నల్లగా. లాయరమ్మ స్వయంగా వచ్చి కవర్లో పెట్టి సీల్ వేసింది. తన బ్రష్షు ఎందుకు పట్టుకుపోతోందని అత్త గొడవ. చివరికి రసీదు రాయించుకుని వదిలింది.

ఏప్రిల్ 21
ఇవాళ కోర్టులో ల్యాబ్ రిపోర్టు చదివారు. బ్రష్షులో ఆయిలూ ఓడలో ఆయిలూ ఒకటేనట. అది ఇంకెక్కడో అంటి ఉండొచ్చు అన్నాడు కంపెనీ లాయరు. అత్త లేచి నిలబడింది. పనయ్యాక బ్రష్షు కడక్కుండా మేకుకి తగిలించే మనిషి మా వీధిలో లేదు, దాంతో ఆల్చిప్పలు తప్ప ఇంకేదీ తోమం, కడిగినా పోని మురికి ఈ బస్తాదొక్కటే, కావాలంటే వచ్చి ఇల్లిల్లూ చూసుకో అంది. జడ్జి కేసు విచారణకి తీసుకున్నారు. బయటికొచ్చాక మా వీధి వీధంతా సంతకాల్లేని ఫారాలు కంపెనీ మనిషి చేతిలో పెట్టేశాం. నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే.

జూన్ 2
మేకు ఖాళీగానే ఉంది. కొత్త బ్రష్షు కొననంటోంది అత్త. పాతది కోర్టు బీరువాలో ఉందిగా, గెలిచాక రసీదు చూపించి తెచ్చుకుంటుందట.