మా ఇంటి మత్తు

తిరుచానూరు, 1946 జూన్

దొరస్వామన్నకు,

ప్రియమైన అని రాద్దామంటే చెయ్యి రాలేదు. నా మనవరాలికి పేరు పెట్టే రోజు, వియ్యపురాలి ముందర, నా మందు డబ్బీ గుంజుకోని కాలవలో పారేసినావు. అది నా కీళ్లనొప్పుల మందు. నాయన తాగి తాగి పోయినాడు. నువ్వు తాగి, ఆయన మిగిల్చిన చేను పోగొట్టినావు. ఇప్పుడు నా సంసారం మీద పడినావా? ఇంక మా గడప తొక్కొద్దు.

గంగులమ్మ

పుత్తూరు, అదే నెల

చెల్లెలు గంగులమ్మకు,

నేను తాగి రాలేదు. సారాయి మానేసి నాలుగేండ్లయింది. నీకూ తెలుసు, ఒప్పుకోవు. ఆ డబ్బీలో ఉండేది నల్లమందు. దాన్ని వేలికి రాసుకోని పాప నోట్లో పెట్టింది నా కండ్లతో చూసినాను. మేళం వాయిస్తున్నా బిడ్డ కదల్లేదు. నీ కూతురు భారతమ్మకు ఈ సంగతి తెలుసునా? నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను. కోపమొస్తే రానీ.

నీ అన్న
దొరస్వామి

తిరుచానూరు, జూలై

దొరస్వామికి,

అన్నా అని రాయను. మనమ్మ మనిద్దరికీ అదే నాకించి కూలికి పొయ్యేది. మనం చచ్చినామా? సర్కారు అంగట్లో అమ్మేది తప్పు ఎట్లయితాది? పాలు చాలక గుక్కపెట్టే బిడ్డను పగలంతా ఎత్తుకోని తిరిగేది నేను. భారతమ్మకు చెప్పుకో పో. తాగుబోతు మాట నా కూతురు నమ్మదు.

గంగులమ్మ

పుత్తూరు, సెప్టెంబరు

గంగులమ్మకు,

భారతమ్మ, పాప మా ఇంట్లో ఉండారు. మొన్న మధ్యాన్నం పాప ఎంత కదిలించినా లేవలేదంట. పెదాలు నల్లబడినాయంట. ఎత్తుకోని పరిగెత్తితే డాక్టరు ఎట్లో బతికించినాడు. ఆ పక్కనే నువ్వు గోడకానుకోని తూగుతున్నావంట. "అమ్మను లేపితే, ఎవురి బిడ్డ ఇది అని అడిగింది మామా" అని భారతమ్మ చెప్పింది. చెప్పి, ఏడవను కూడా లేదు.

కీళ్లనొప్పులని నాతో చెప్పొద్దు. పంటినొప్పని చెప్పి తాగినోణ్ణి నేను. నిన్ను తలుచుకుంటే ఒళ్లు మండుతుండాది. అయినా మీ వదిన చెంగమ్మ నీకోసం వెనకగది ఖాళీ చేసింది. డాక్టరుతో మాట్లాడినాను. మానితే కాళ్లు పీకుతాయి, వాంతులయితాయి, నన్ను నోటికొచ్చినట్ల తిడతావు. తిట్టు. రాకపోతే మాత్రం పాపను మళ్లా చూడవు. ఆ మాట నీ కూతురు చెప్పమనింది.

దొరస్వామి

తిరుచానూరు, 1949 మార్చి

అన్నకు,

మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నిన్ను తిట్టిన తిట్లకు నేను సిగ్గుపడను. భారతమ్మను ఎదురుగా కూర్చోబెట్టి, ఎప్పట్నించి తింటుండానో అంతా నా నోటితోనే చెప్పించినావు. ఆ కోపం ఇంకా పోలేదు. నల్లమందు మాని రెండేండ్లు దాటింది. ఆ అంగడి వీధిలో ఇప్పటికీ నడవను. పాప నా ఒళ్లో ఉంటే భారతమ్మ పని చేసుకుంటానే ఒక కన్ను నామీద పెట్టుంటాది. పెట్టనీ. నేనైనా అంతే చేసుందును.

నిన్న వదిన కబురు చేసింది. సారాయి అంగళ్లు సర్కారు మూయించినా నీకు యాడో దొరికిందంట. వారంగా తాగుతుండావంట. ఏడేండ్లు నిలబడినోడివి. ముందు కోపమొచ్చింది. ఆనక భయమేసింది. నువ్వే పడిపోతే నేనెట్ల నిలబడేది? పొద్దుటినించి ఆ అంగడి వీధే కండ్ల ముందర కనిపిస్తుండాది. అయినా పోలేదు. ఈ కాగితం ముందర పెట్టుకోని కూర్చున్నాను.

"గంగులుకు మాత్రం చెప్పొద్దు, దానికి నా మొగం చూపించలేను" అని వదినతో అన్నావంట. నీ మొగం నాకు కొత్తా? నేను పక్కలో కక్కుకున్నప్పుడు కడిగింది నువ్వే. ఆ రోజు మొగం చూపించలేనని నేనంటే, విననట్ల నీళ్లు తెచ్చేదానికి పోయినావు.

శుక్రవారం రైలుకి వస్తుండాను. భారతమ్మ చెప్పకుండానే నా చీరలు మడిచి మూట కట్టింది. నువ్వు మళ్లా మానే దాకా ఆడనే ఉంటాను. కోపంగానే ఉంటాను.

నీ చెల్లెలు
గంగులు