నా కేకకు వారసులు

డెబ్బై ఒక్క ఏళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించుకుంటున్న వీలునామా ఇది. వృత్తి డబ్బింగు. స్టూడియోల్లో నన్ను కేకలక్క అనేవారు. పాత దయ్యాల సినిమాల్లో హీరోయిన్లు నోరు తెరిస్తే వినబడిన కేకల్లో సగానికి పైగా నావే. ముఖాలు వాళ్లవి, పోస్టర్ల మీద పేర్లు వాళ్లవి. నా మతి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు, జతచేశాను. గొంతు బాగాలేదని ఇంకో కాగితం ఇచ్చాడు, అదీ జతచేశాను.

సోమవారం గొంతుకు ఆపరేషను. ఆ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. నాకు భయంగా ఉంది. వీలునామాలో భయం సంగతి రాయకూడదని వకీలు అంటున్నాడు. వీలునామా ఆయనది కాదు కాబట్టి రాయిస్తున్నాను.

నా తదనంతరం నా ఆస్తి ఈ కింది విధంగా దఖలు పడవలెను.

1. నా స్వార్జితమైన పై వాటా, అంటే ముందు గది, వంటగది, స్నానాలగది, నా ఒక్కగానొక్క కూతురికి సర్వహక్కులతో చెందవలెను. బీరువా కూడా. ఆ బీరువాలో తల దూర్చి, మడత బట్టల్లోకి కేకలు వేసి సాధన చేసేదాన్ని, చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది లేకుండా. చిన్నప్పుడు నా కూతురు ఆ బీరువా దగ్గరికి పోయేది కాదు. అందులో ఇంకో అమ్మ ఉందనుకునేది. బడిలో మీ అమ్మ ఏం చేస్తుందంటే టీచరని చెప్పేది. అమ్మా, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. మనసు చివుక్కుమంది కానీ ఏమీ అనలేదు. ఇప్పుడు అంటున్నాను, అన్నాను కాబట్టి వదిలేస్తున్నాను.

2. కింద వెనక గది నా మనవరాలికి. ఆ గదిని అద్దెకివ్వడానికి దాని తల్లికి హక్కు లేదు. ఆ గదిలో నా మనవరాలు, దాని స్నేహితులు పాటలు కడుతున్నారు. మెటల్ అంటారట. మొదటి రోజు ఎవరో ఇనప బీరువా మెట్ల మీంచి దొర్లిస్తున్నారనుకున్నాను. రెండో రోజు దిగి వెళ్లి చూస్తే నా మనవరాలు మైకు ముందు గుర్రుమంటోంది. ఇలా పాడితే గొంతు చిరిగిపోతుందే పిచ్చిమొహమా అని, పొట్టలోంచి ఎలా తియ్యాలో నేనే చూపించాను. నీ గొంతు పాడైంది చాలక దాని గొంతు కూడానా అని నా కూతురు నా మీద ఎగిరింది. చూపించకపోతే పాడయ్యేది, చూపించాను కాబట్టే బాగుంది.

వాళ్లు చేస్తున్న ఆల్బం పేరు ఏడు గదుల కొంప. ఏడు పాటలు, అన్నీ కలిపి ఒకటే కథ. పాత దయ్యాల సినిమాల్లోని ఆడపిల్ల, ఎప్పుడూ పారిపోతూ ఉండేదే, ఒక సినిమాలో తలుపు తీసి ఇంకో సినిమాలో పడుతుంది. ఒక గదిలో రక్తం తాగే జమీందారు, ఇంకో గదిలో పట్టీలు చుట్టుకున్న శవం, మరో గదిలో పౌర్ణమికి తోడేలయ్యే పెళ్లికొడుకు. ఆ సినిమాల్లో దయ్యానికి ఒక గతం ఉంటుంది, డాక్టరుకు తెలివి ఉంటుంది, ఆ పిల్లకు కేక తప్ప ఏమీ ఉండదు, అందుకే ఈ కథ ఆ పిల్లది అంటుంది నా మనవరాలు. ఆ మాట విన్నప్పుడు నాకు గర్వంగా ఉంది. దాని ముందు చెప్పలేదు, నెత్తికెక్కుతుంది.

చివరి పాట ఏడో గది. అక్కడ దయ్యం ఉండదు. పిల్ల ఒక్కతే ఉంటుంది. కేక వేస్తుంది, ఎవరూ రారు, పాట అయిపోతుంది. ఆ కేక నాది కావాలని మనవరాలి పట్టు. సోమవారం లోపు ఇవ్వకపోతే ఇక ఎప్పటికీ ఇవ్వలేను. ఆ పాటలో అంతమేరా ఖాళీ వదిలేసి, రోజూ పైకొచ్చి నా మొహం చూసి వెళుతోంది.

3. నా హెడ్‌ఫోన్లు, స్టూడియోలో సౌండు ఇంజినీరుగా చేసిన, నన్ను అక్కా అని పిలిచే తమ్ముడికి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కూడా అతనిదే. రోజంతా మాటలు చెప్పించి కేకలు సాయంత్రానికి దాచేవాడు, ముందే కేక వేస్తే గొంతు పోయి మాటలు బొంగురుపోతాయని. తెర మీద హీరోయిన్ పెదాలు కాదక్కా, ముక్కుపుటాలు చూడు, అవి కదిలితే కేక వస్తోందని లెక్క అని నేర్పింది అతనే. పెళ్లాం పుట్టింటికి వెళ్లినప్పుడల్లా మా ఇంట్లో తిని ఉప్పెక్కువైందనేవాడు. అయినా ఇస్తున్నాను.

4. డ్రమ్ములు వాయించే కుర్రాడు, పిడుగు అంటారు, అతనికి ఏమీ లేదు. అతను సాక్షి. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆస్తి చెందకూడదని వకీలు చెప్పాడు. బాధపడకు నాయనా, నా దగ్గర నీకు పనికొచ్చేదేమీ లేదు.

5. కింది ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకున్న దర్జీకి నా ఆస్తిలో గుడ్డపీలిక కూడా చెందరాదు. కారణం రాయక్కర్లేదని వకీలు అన్నాడు. రాయండి అన్నాను.

నా మనవరాలు ఇంకా పలక పట్టని రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మా ఆయన స్నానాలగదిలో కూలబడిపోయారు. ఎత్తబోతే నావల్ల కాలేదు. తల నా ఒళ్లో ఉంది, వదిలితే నేలకు కొట్టుకుంటుందని కదల్లేకపోయాను. కేక వేశాను. ఊపిరి ఉన్నంత వరకూ వేశాను. ఊపిరి తీసుకోవడానికి ఆపినప్పుడల్లా కింద మిషను చప్పుడు వినబడింది. ఒక్కసారి కూడా ఆగలేదు. అన్ని వాటాల్లో అందరూ ఉన్నారు. కేకలక్క సాధన చేసుకుంటోందనుకున్నారు. చివరికి ఆయన్ని పడుకోబెట్టి నేనే దిగి వెళ్లేసరికి అంతా అయిపోయింది. పనేమో అనుకున్నానక్కా అన్నాడు దర్జీ. ఆ రోజు నుంచి అతనితో నేను మాట్లాడలేదు. మిగతా వాళ్లూ అదే అనుకున్నారుగా అంటుంది నా కూతురు. మిగతా వాళ్ల మిషను నాకు వినబడలేదు.

పైగా ఈ మధ్య కింద పాటలు మొదలైతే చాలు, మెట్ల మలుపు దాకా వచ్చి చెవి పెట్టుకుని నిలబడుతున్నాడు. తలుపు సందులోంచి రెండు మూడుసార్లు చూశాను. మా ఇంట్లో ఏం జరుగుతోందో అతనికి ఎందుకట.

6. నా కేక ఎవరికీ చెందరాదు. ఆయన పోయాక నేను కేక వేయలేదు. సినిమాలు మానేశాను. మనవరాలా, నీ పాట నాకిష్టమే, నీ మీద కోపం లేదు. కానీ ఎవరూ రాని కేక నేను ఒకసారి వేశాను, నీ ఆల్బం కోసం రెండోసారి వేయలేను. ఇంకొకటి కూడా చెబుతాను. కింద నువ్వు గుర్రుమంటూ అరుస్తుంటే పైన నేను గోడ పట్టుకుని నడుస్తాను. పడిపోయి అరిస్తే నా అరుపు నీ పాటలో కలిసిపోతుంది. స్నానాలగదికి వెళ్లాలంటే నువ్వు పాట ఆపేదాకా కూర్చుంటున్నాను. ఈ సంగతి నీకు చెప్పలేదు, చెబితే గది ఖాళీ చేస్తావని.

ఇంతవరకు మంగళవారం రాయించినది. ఈ కింది భాగం శుక్రవారం చేర్చినది. మొత్తం చింపేసి కొత్తగా రాద్దామని వకీలు అన్నాడు. వద్దన్నాను. పైన అన్న మాటలు కూడా నావే, పక్కన సంతకం పెట్టాను, ఉండనివ్వండి.

7. పై ఐదు, ఆరు నిబంధనలు రద్దు.

నిన్న వకీలు గుమాస్తా సరిచూడమని కాగితాలు తెచ్చి ఇచ్చి వెళ్లాడు. నేను పడుకుని ఉండగా నా మనవరాలు చదివేసింది. ఈ ఉదయం పిడుగుని పిలిచి సామాను కట్టెయ్యమంది. కింద డ్రమ్ములు ఈడుస్తున్న చప్పుడు విని నేనే మెట్లు దిగి వెళ్లి, మైకు పైకి పట్రమ్మన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ పిల్ల పెట్టె సర్దుకుంటూ ముక్కు తుడుచుకోవడం చూడలేకపోయాను, అంతే.

బీరువా తలుపులు తీసి దాని ముందు మైకు పెట్టారు. ముందు దగ్గు వచ్చింది. తర్వాత గాలి వచ్చింది. అమ్మమ్మా వదిలెయ్ అంది మనవరాలు. తెర లేదు, చూడ్డానికి ఎవరి ముక్కుపుటాలూ లేవు. కళ్లు మూసుకుంటే ఆయన తల బరువు నా ఒళ్లో తెలిసింది. అప్పుడు వచ్చింది కేక. గొంతులో ఏదో తెగినట్టు మంట పుట్టింది, అయినా ఆపలేదు.

ఆపేసరికి కింద మిషను ఆగిపోయి ఉంది. మెట్ల మీద అడుగులు. అక్కా, వస్తున్నా, అక్కా, వస్తున్నా అంటూ అరుపు. బయటి శబ్దం రాకూడదని పిడుగు ముందే గడియ పెట్టి ఉంచాడు. వాడు తీసేలోపే దర్జీ భుజంతో గుద్దాడు, గడియ ఊడి వచ్చింది. మెడలో టేపుతో గుమ్మంలో నిలబడి నన్ను, మైకుని, పిల్లల్ని చూశాడు. ఏం లేదు, పనే అన్నాను. ఇన్నేళ్ల తర్వాత అతనితో నేనన్న మొదటి మాట అది. అతను అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడు పిడుగు చెప్పాడు. కింద పాట మొదలవగానే ఇతను మిషను ఆపేసి మెట్ల మలుపు దాకా వస్తాడట. పై గదిలో నా గిన్నె చప్పుడో, దగ్గో, తిట్టో వినబడేదాకా ఉండి దిగిపోతాడట. టీవీలో ఎవరైనా అరిచినా వస్తాడట. గిరాకీ పోతోందని వీళ్లు ఎగతాళి చేస్తే, పోనీ అన్నాడట. నేను తలుపు సందులోంచి చూసింది దీన్నే.

రికార్డింగు ఎవరూ ఆపలేదు. నా కేక, అడుగులు, వస్తున్నా అన్న అరుపు, గడియ ఊడటం, ఏడుపు, అన్నీ అందులో ఉన్నాయి.

8. సదరు కేక మీద సమస్త హక్కులు నా మనవరాలికీ, దర్జీకీ ఉమ్మడిగా, చెరి సగంగా చెందవలెను. సాక్షి సంతకం తాను పెడతానని దర్జీ ముందుకొచ్చాడు. నువ్వు వారసుడివి, కుదరదు అన్నాను. అర్థం కాక అతను వకీలు మొహం చూశాడు.

9. ఏడో పాటలో కేకను అడుగుల చప్పుడుతో సహా వాడవలెను. ఇద్దరిలో ఏ ఒక్కరి సంతకం లేకపోయినా అడుగులు కోసివేసి కేక మాత్రం వాడటానికి ఎవరికీ హక్కు లేదు. తాళానికి అడుగులు కలవడం లేదని పిడుగు అంటున్నాడు. మెట్లెక్కేవాడు తాళం చూసుకుంటూ ఎక్కడు. ఎవరూ రారన్న నీ ముగింపు చెడిపోయిందని నీకు బాధగా ఉందని నాకు తెలుసు, తల్లీ. మాటలు నీవి, మార్చుకుంటావో ఉంచుకుంటావో నీ ఇష్టం. అడుగులు మాత్రం ఉండాలి.

10. సోమవారం తర్వాత నాకు గొంతు ఉంటుందో ఉండదో. భయం తగ్గలేదు, తగ్గిందని రాస్తే అబద్ధం అవుతుంది. కాబట్టి ఈ చివరి నిబంధన నేను బతికుండగానే అమల్లోకి వస్తుంది, చట్టం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. ఈ ఇంట్లో కేక వినబడినా, గిన్నె పడినా, గోడ మీద చెయ్యి చరిచిన చప్పుడైనా, పనేమో అనుకోకండి. లేచి రండి. పనే అయితే నాతో తిట్లు తిని వెళ్దురు గాని.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించగా, ఒప్పుకుని, మార్చి నెల పద్నాలుగో తేదీ శుక్రవారం సాయంత్రం, ఊడిన గడియ బిగించిన గదిలో కూర్చుని చేసిన సంతకం.

(సంతకం) కేకలక్క

సాక్షులు:
పిడుగు, డ్రమ్ములు
వీధి మొదట్లో మందుల షాపాయన

రాసినది: వకీలు గుమాస్తా