పేగులు తీసి కడిగిన కోడి

అక్కా,

నువ్వు పోయాక నీ బిడ్డ సుజాత ఒక్కతే వేసిన మొదటి కోళ్ల బ్యాచ్ ఇది. నీ రబ్బరు బూట్లే వేసుకుని షెడ్డులో తిరుగుతోంది. నెల కాకముందే కోళ్లకు రెట్టలో నెత్తురు పారుడు మొదలైంది. నువ్వు వాడే మందే నీళ్లలో కలిపింది. నెత్తురు ఆగింది గానీ చావులు ఆగలేదు.

"గీ బ్యాచ్ పోతే షెడ్డు బంద్ జేస్త చిన్నమ్మా" అన్నది. నాకు అన్నం దిగలేదు.

చచ్చిన కోడినొకదాన్ని తీసుకుని నర్మెట్ట నుంచి జనగామ పశువుల దవాఖానకు బస్సెక్కాను. డాక్టరమ్మకు మురికిది ఎట్లా ఇస్తానని ఈకలు పీకి, పేగులు తీసేసి, పసుపు రాసి కడిగి మరీ డబ్బాలో పెట్టాను.

ఆమె మూత తీసి పడీ పడీ నవ్వింది.

"కూరకు తెచ్చినవా అవ్వా? జబ్బంత పేగులల్లనే ఉంటది గద!"

"నాకేం ఎరుక బిడ్డా, సాఫ్‌గ ఉండాలె అనుకున్న."

ఫోన్ చేస్తే సుజాత బండి మీద చచ్చిన ఇంకో కోడిని తెచ్చింది. డాక్టరమ్మ పేగు కోసి, లోపల గీరి, గాజు ముక్క మీద పూసి మైక్రోస్కోపులో చూసింది. రెండు జబ్బులట అక్కా! కంటికి కనబడని పురుగులు పేగును పుండు చేస్తే, ఆ పుండులో బాక్టీరియా చేరిందట. మన మందు పురుగులకే పనిచేసింది. రెండోదానికి వేరే మందు రాసిచ్చి, కోళ్ల కింద తడిసిన పొట్టు ఎత్తిపోయమంది.

నాలుగు రోజులుగా ఒక్క కోడీ చావలేదు. "వచ్చే బ్యాచ్‌కు గూడ కోడిపిల్లలకు ఆర్డర్ ఇచ్చిన చిన్నమ్మా" అన్నది సుజాత పొద్దున.

నేను నమ్మక షెడ్డు లోపలికి పోయి, చచ్చినవేమైనా ఉన్నాయేమోనని మూలమూలా చూశాను. అన్నీ మేత మీద పడి తింటున్నాయి. అంతంత తింటే అరుగుతుందో లేదోనని ఇప్పుడు నా దిగులు.