బోను ఎవరింట్లో పెట్టాలి

ఫిబ్రవరి 14, శనివారం

పొద్దున్నే ఇంటి మీద ధనధనా చప్పుడు. మళ్లీ కోతులు. ఈసారి వంటింటి మీద. గూన పెంకలు ఏడు పగిలాయి, ఉడుకుతున్న పప్పులో మట్టి. అత్త కర్ర పట్టుకొని వాకిట్లో నిలబడి ఒకటే అరుపు — "మా కోడలు వార్డు మెంబరైంది! గీ కోతులు గూడ ఆమెకే ఓటేసినట్టున్నయ్, ఇల్లు ఇడిసి పోతలేవు!"

వాడంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఓట్లప్పుడు ఇంటింటికీ తిరిగి "గెలిస్తే మొదటి పని కోతులదే" అన్నది నేనే కదా. గెలిచి రెండు నెలలు దాటింది.

గూన కప్పేవాళ్లు ఇప్పుడు దొరకరు. రాయికల్‌లో ఒకాయన ఉన్నాడని వెళ్లి అడిగితే, చూపు ఆనడం లేదు, ఇంటిమీదికి ఎక్కలేనన్నాడు. ప్లాస్టిక్ కవరు పరిచి రాళ్లు పెట్టాం. ఆ రాళ్లు కూడా కోతులు కిందికి దొర్లిస్తాయి.

ఫిబ్రవరి 16, సోమవారం

పంచాయతీ మీటింగు. బడి దగ్గర పైపు లీకు... ఆ నీళ్లలో పడుకునే బర్రెలు ఎవరివి... బస్ స్టేజీ షెడ్డుకు రేకు... పట్టపగలు కూడా వెలిగే వీధి లైటు. అన్నీ అయ్యాక కోతులు.

కార్యదర్శి సౌజన్య అంతా కనుక్కొని వచ్చింది. సిరిసిల్ల అమ్మాయి, వచ్చి ఏడాదే, మా అందరికన్నా చిన్నది, మా అందరికన్నా ఓపిక ఉన్నది. కోతులు పట్టేవాళ్లు పెద్ద ఇనుప బోను తెస్తారట. ఎవరిదైనా ఒక పెరట్లో నాలుగైదు రోజులు పెట్టాలట. అరటిపండ్లకు ఒక్కొక్కటే లోపలికి వస్తాయి. నిండాక బండి వస్తుంది, దూరం అడవిలో వదిలేస్తారు. మామిడి పూత మీద ఉంది, ఇప్పుడే చేయాలి అన్నాడు సర్పంచ్ గంగారాం. అందరం చేతులెత్తాం.

"మరి బోను ఎవరింట్ల పెడ్దాం సార్?" అంది సౌజన్య.

ఎత్తిన చేతులన్నీ దిగాయి. "మన రజిత చెల్లె చూస్కుంటది తియ్యి, గా వాడ ఆమెదే గదా" అన్నాడు సర్పంచ్. చెల్లె అన్నప్పుడే అనుకున్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

పదకొండు ఇండ్లు తిరిగాను.

"ఇంట్ల కొత్త కోడలున్నది బిడ్డ..."

"మావోడు ఈసారి అంజన్న మాల ఏస్తనన్నడు, మల్ల గిదంత..."

"కొండగట్టు మొక్కు తీరలే అక్కా. ఏ మొకం పెట్టుకొని గుట్టెక్కాలె?"

అందరికీ కోతులు పోవాలి. అంజన్నను, ఆ హనుమంతుణ్ని, తమ పెరట్లో ఖైదు చేయడం మాత్రం ఎవరికీ వద్దు. తిరిగి తిరిగి ఇంటికొచ్చి అత్తను అడిగాను. మంగళవారం, అంజన్న వారం; ఒక్కపొద్దు మీద ఉంది. నన్ను ఎగాదిగా చూసింది. "మనింట్లనా? నీకేమన్న పిచ్చి లేసిందా?"

నేను రెండోసారి అడగలేదు. నిజం రాయాలి కదా — నాకూ భయమే.

ఫిబ్రవరి 18, బుధవారం

ఖాజాబీ ఆపా అరుగు మీద బీడీలు. పద్దెనిమిదేళ్ల నుంచి అక్కడే కూర్చుంటాం, ఐదారుగురం, ఒళ్లో చాటలు పెట్టుకొని. తునికాకు కత్తిరిస్తూ ఆపా నా వైపు చూడకుండానే అడిగింది, "ఏంది, మొకం గట్ల పెట్టినవ్?"

చెప్పాను. కాసేపు ఆకు చుట్టింది, దారం కట్టింది.

"మా ఇంట్ల పెట్టుండ్రి."

"ఆపా, మీకెందుకు గా తిప్పలు..."

"అంజన్న నన్నేమంటడే? నేను పుట్టింది గుట్ట కింద, మల్యాలల. ఆయన కొబ్బరి తినుకుంటనే పెరిగిన."

అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. చాట సర్దుకుంటున్నట్టు తల వంచేశాను. ఎంత తేలిగ్గా అనేసింది!

ఫిబ్రవరి 20, శుక్రవారం

బోను దిగింది. ఆపా పెరట్లో, జామచెట్టు కింద. తాళం లేదు, గడియ ఒక్కటే. రంజాన్ నెల, ఆపా రోజా ఉంది, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. అరటిపండ్లు తొక్క తీసి లోపల వేలాడదీసింది మాత్రం ఆమే.

ఫిబ్రవరి 21, శనివారం

రెండు.

ఫిబ్రవరి 23, సోమవారం

తొమ్మిది! బోను నిండింది. పిల్లలూ పెద్దలూ వచ్చి గోడ మీంచి చూసి పోతున్నారు, దండం పెట్టి మరీ. రేపు పది గంటలకు బండి. ఒక పిల్లకోతి మాత్రం బయట ఉండిపోయింది, బోను పైనే తిరుగుతోంది. "తెల్లారేసరికి అదే లోపటికొస్తది" అన్నాడు పట్టేవాడు.

మధ్యాహ్నం అత్త మంచం వేసుకొని హాయిగా పడుకుంది. ఎన్నాళ్లకో. పెంకల మీద చప్పుడు లేదు. నేను చేసిన పని ఒకటి ఇంట్లో వినిపిస్తోంది అనిపించింది. కొంచెం గర్వపడ్డాను. రాసుకుంటే ఏం, ఇది నేనే చదువుతాను.

ఫిబ్రవరి 24, మంగళవారం

బోను ఖాళీ.

ఏడింటికి కబురొస్తే పరుగెత్తాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అరటితొక్కలు. అప్పటికింకా సర్పంచ్, సౌజన్య రాలేదు. ఆపా లోపల ఎక్కడో ఉంది. గడియ మీద సింధూరం. వేలితో అద్దిన బొట్టు, ఇంకా తడిగా. దాని కింద అర కొబ్బరి చిప్ప.

ఇంట్లోంచి పరుగెత్తేటప్పుడు చూసిందే మళ్లీ కళ్ల ముందు — అత్త వాకిలి ఊడుస్తూ, చీపురు పట్టుకున్న చేతి వేలు ఎర్రగా.

ఏమీ ఆలోచించలేదు. కొంగుతో తుడిచేశాను. కొబ్బరి చిప్ప కొంగులో కట్టుకున్నాను. అప్పుడే సౌజన్య స్కూటీ చప్పుడు.

"ఎట్లయింది మేడం?"

"ఏమో."

ఫిబ్రవరి 25, బుధవారం

ఊళ్లో ఇదే మాట. "ఎవలింట్ల పెట్టాల్నో తెల్వదా? గందుకే గిట్లయింది." "గడియ సరిగ ఎయ్యలేదట." "ఎయ్యలేదా, తీసిందా?" ఈ మాట మంచినీళ్ల నల్లా దగ్గర ఎవరో నా వెనకే అన్నారు, నాకు వినపడాలనే. పట్టేవాళ్లు కోపంగా ఉన్నారు, బోను వేరే ఊరికి తీసుకుపోతామంటున్నారు.

తిరిగి చూసి ఒక్క మాట అనొచ్చు. "ఆపా కాదు" అంటే చాలు. బిందె నిండి పొర్లుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

బీడీలకు ఆపా అరుగు మీదికి ఎవరూ రాలేదు. మూడు రోజులయింది. ఒకామె మరదలింట్లో కూర్చుంటోంది, ఒకామెకు నడుము నొప్పి, ఒకామె చెప్పను కూడా చెప్పలేదు. ఇద్దరమే, నేనూ ఆపా. అంత అరుగు మీద రెండు చాటలు. ఎప్పుడూ లేంది ఆపా కట్టలో బీడీలు లెక్క తప్పింది, విప్పి మళ్లీ కట్టింది.

నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండు.

మార్చి 1, ఆదివారం

అడిగేశాను. అత్త తల దువ్వుతూ, వెనక నుంచి. ఎదురుగా అయితే అడగలేకపోయేదాన్ని.

"నువ్వేనా అత్తా?"

"ఏంది?"

"బోను."

దువ్వెన ఆపేశాను.

"తల్లి లోపట, పిల్ల బయట. పాలకు గింతంత నోరు తెరుస్తున్నది. కడ్డీల నడుమకెల్లి గది చెయ్యి బయటవెట్టి పిల్లను పట్టుకున్నది బిడ్డా. దగ్గరికి గుంజుకుంటె నడుమ ఇనుము. అది మంగళారం పొద్దు. నేనేం జేద్దు?"

దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి చుట్టాను.

"నా పేరు చెప్పకు. కోతులు పోవాలని ఊర్ల అందరికన్న ఎక్కువ ఒర్రింది నేనే గదా. నలుగుట్ల నవ్వులపాలైత."

ఆమె జుట్టు ఇప్పుడు నా పిడికిట్లో సగం కూడా లేదు. ముడి వేసి, భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఆమె మీద కోపం రావాలి. రాలేదు. నా మీద మాత్రం చాలా వచ్చింది.

మార్చి 2, సోమవారం

ఆపాకు చెప్పాను. సింధూరం తుడిచిన సంగతి కూడా. అనుకున్నంత సేపు పట్టలేదు, నాలుగు మాటల్లో అయిపోయింది.

"ఎరుకే" అంది.

"ఎట్ల?"

"తెల్లారకముందె సహర్‌కు లేసి, నమాజుకు వజూ చేస్తున్న. మీ అత్త లచ్చవ్వ గోడవతల నిలబడి ఏడుస్తున్నది. గేటు తీసింది నేనే. తీసి లోపటికి పోయిన. అటెంక ఏమైందో నాకేం ఎరుక?" అని నవ్వింది. నవ్వు ఆగిపోయాక, "ముసలామెను నలుగుట్ల నిలవెట్టకు రజితా. నాలుగు దినాలైతె అందరు మర్సిపోతరు" అంది.

అరుగు వంక చూశాను. ఆమె కూడా చూసింది. నాలుగు రోజులు ఎప్పుడో దాటాయని ఇద్దరికీ తెలుసు.

మార్చి 4, బుధవారం

రేపు గ్రామసభ. చెప్పాలి. ఆపా వద్దంది, అత్త వద్దంది. మా ఆయన కోరుట్ల నుంచి ఆటో తోలుకొని వచ్చి, విని, "నువ్వు మెంబరువు, నీ ఇష్టం" అని అన్నం కలుపుకున్నాడు. మంచిదే చెప్పాడు, తప్పించుకున్నాడు కూడా.

మార్చి 5, గురువారం

అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

పైపు లీకు మీద గంట గడిచింది. తర్వాత బోను. "పెట్టేటప్పుడే మంచిగ చూస్కునే ఇల్లు చూసి పెట్టాలె" అని ఒకాయన మొదలుపెట్టాడు. ఆపా ఆడవాళ్ల చివరి వరసలో, కొంగు తల మీదికి లాక్కొని. పక్కన చాప ఖాళీ.

లేచాను. "ఆపా తప్పు లేదు. గడియ మీద సింధూరం ఉండె. ఎవలు చూడకముందె తుడిచింది నేను. మెంబర్నయి ఉండి దాసిపెట్టిన."

ఒక్కసారిగా గోల. "మరి తీసిందెవలు?" సర్పంచ్ నా వైపే చూస్తున్నాడు. ఇంట్లో పొద్దంతా చెప్పి చూసుకున్న పేరే, రావట్లేదు.

వెనక నుంచి — "నేనే తీసిన."

అత్త. ఎప్పుడొచ్చిందో. కర్ర పట్టుకొని గుమ్మంలో నిలబడి.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వులు. "గంత ఒర్రితివి గదనే లచ్చవ్వా!"

"ఒర్రిన. ఇంక ఒర్రుత. కోతులు పోవాల్సిందె, నా ఇల్లు ఆగమైంది. గని మంగళారం కాదు. పిల్లను ఇడదీసి కాదు. ఖాజాబీ రోజా ఉండి పండ్లు కట్టింది, మీకు ఇల్లు దొరకకపోతె ఇల్లిచ్చింది. ఆమె అరుగెక్కుతలేరట. మీరేం మనుషులే?"

నవ్వులు ఆగాయి. అత్త వెళ్లి ఆపా పక్కన ఖాళీ చాప మీద కూర్చుంది. మోకాళ్లు పట్టేసి కూర్చోవడానికి చాలాసేపు పట్టింది, ఆపా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాను.

తీర్మానం: బోను మళ్లీ పెట్టాలి. తల్లీపిల్లలను విడదీయకూడదు. మంగళవారం, శనివారం బండి ఎక్కించకూడదు. సౌజన్య పెన్ను ఆపి, "సార్, మంగళవారం ఎందుకని రాయాలె?" అంది. సర్పంచ్ ఆలోచించి, "పాలనా సౌలభ్యం అని రాయమ్మా" అన్నాడు.

మళ్లీ అదే ప్రశ్న. ఎవరింట్లో?

"మా ఇంట్ల" అంది అత్త, ఎవరి వైపూ చూడకుండా.

మార్చి 6, శుక్రవారం

అరుగు మీద నాలుగు చాటలు. ఒకామె ఇంకా రాలేదు.

మార్చి 9, సోమవారం

సాయంత్రం. మా పెరట్లో బోను నిండింది. ఏడు. ఆ తల్లి మళ్లీ పడింది — ఎడమ చెవి చిరిగి ఉంటుంది, అత్త గుర్తుపట్టింది. ఈసారి పిల్ల కూడా లోపలే, పొట్టకు కరుచుకొని. రేపు మంగళవారం కాబట్టి బండి ఎల్లుండి. ఈ రాత్రి, రేపు పగలంతా, రేపు రాత్రి — ఇక్కడే ఉంటాయి. సౌజన్య ఈసారి తాళం తెచ్చి తనే వేసింది. తాళంచెవి నాకిచ్చింది. పట్టేవాళ్లు మూడోసారి రామన్నారు. మామిడి పిందె కడుతోంది.

అత్త దీపం పెట్టి వచ్చి నా ముందు కూర్చుంది. "తాళంచెయ్యి నీ తాన్నే పెట్టుకో. రేపు నేనెంత ఏడ్సినా నాకియ్యకు."

"ఇయ్య."

"ఒట్టు?"

"ఒట్టు."

తేలిక పడినట్టు వెళ్లి పడుకుంది. తాళంచెవి నడుముకు దోపుకున్నాను. పిల్ల కళ్లు మూసుకొని పాలు తాగుతోంది. తల్లి దాని తలలో పేలు చూస్తూ, మధ్యలో చెయ్యి ఆపి, నన్నే చూస్తోంది. అడవికి పోతే అక్కడ వీటికి తిండి ఉంటుందా... ఎవరినీ అడగలేదు మేం.

అత్తకు ఇవ్వనని ఒట్టు వేశాను. నేను తీయనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.