కల్నల్ స్ట్రౌడ్ చరిత్రలో ముప్పై ఒకటో పేజీ

హార్లో ఫెర్రీ, పెన్సిల్వేనియా
1876 సెప్టెంబరు 22, శుక్రవారం

పూజ్యురాలైన అమ్మకు, రూఫస్ నమస్కరించి రాస్తున్నాను.

ఈ ఉదయం పాలవాడికంటే ముందే అచ్చాఫీసు నుంచి పుస్తకం నమూనా ప్రతి వచ్చింది. మొదటి పేజీలో నా పేరు ఉంది. నా పేరు వేయవద్దని, 'ఒక పౌరుడు' అంటే చాలని ముందే చెప్పాను. పేరు కింద ఇంకో వరుస కూడా ఉంది: 'ఆనకట్ట కాపరి, కీర్తిశేషుడు అసాహెల్ టటిల్ కుమారుడు.' అది నేను రాయలేదు.

ఇక్కడ నేను క్షేమం, దగ్గు తగ్గింది. నువ్వూ లుక్రీషియా పిన్నీ బాగున్నారని, ఆపిల్ కోత మొదలైందని చదివి సంతోషించాను. పోయిన ఉత్తరంలో నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. మూడోదానికి జవాబు చెప్పడం కష్టం. అందుకని చివరికి ఉంచుకున్నాను.

కల్నల్ నిజంగా దుంగల గుడిసెలోనే పుట్టాడా అన్నావు. లేదు. ఆయన పుట్టిన రెండంతస్తుల ఇటుక ఇల్లు నేను చూశాను. పుస్తకానికి బొమ్మ చెక్కేవాడు మాత్రం గుడిసె చెక్కాడు. అదేమిటని అడిగితే కల్నల్ నవ్వాడు. "అబ్బాయ్, కాంగ్రెసుకు నిలబడేవాడు ఇటుకల మధ్య పుడితే రైతు ఓటేస్తాడా? మా కోళ్లు దుంగల గూట్లోనే పుట్టాయిలే. సగం నిజమే." నేనూ నవ్వాను.

ఊళ్లో ఇంతమంది చదువుకున్నవాళ్లుండగా తన చరిత్ర రాయడానికి నిన్నే ఎందుకు పిలిచాడు అన్నావు. ఆ మాటకు నీ మీద కోపం వచ్చింది. నా బహుమతి వ్యాసం చదివే పిలిచాడనుకున్నాను. అందులో 'ప్రవాహం' అన్న మాట పదకొండుసార్లు వాడానని మాస్టారు వెక్కిరించినా, కల్నల్ భుజం తట్టి నాలుగేళ్లు కాలేజీ చదివిస్తానన్నాడు. ఈ ఉదయం ఆ వరుస చూశాక ఆలోచించాను. నాలుగు నెలలుగా రోజూ ఆయన ఎదుట కూర్చుని రాసుకున్నాను. నాన్న గురించి ఒక్క మాట అడగలేదు. నేనెవరి కొడుకునో తెలియదు కాబోలు అనుకున్నాను. తెలిసే అడగలేదన్నమాట.

వెంటనే కల్నల్ రంపపు మిల్లుకు వెళ్లాను. ఆయన ఆపిల్ పెట్టి కాల్చిన రొట్టె తింటున్నాడు.

"నాన్న పేరు వేశారేమిటండీ?"

"వేస్తే తప్పేముంది? గర్వపడు. అసాహెల్‌లాంటి మనిషి ఇప్పుడు దొరుకుతాడా? పదకొండేళ్లలో ఒక్కసారి నా మాట జవదాటలేదు. ఆనకట్ట మీద పలక తీయమంటే తీసేవాడు, ఉంచమంటే ఉంచేవాడు. కూర్చో, నువ్వూ ఒక ముక్క తిను."

నేను కూర్చోలేదు.

అమ్మా, నీ మూడో ప్రశ్న. నేను పంపిన నకళ్లలో ముప్పై తర్వాత ముప్పై రెండు ఉంది, మధ్య పేజీ ఏమైంది అన్నావు. పోస్టులో పోలేదు. నేనే పంపలేదు.

అందులో అరవై ఆరు నాటి వరద ఉంది. దుంగలు తేలడానికి నీళ్లు చాలక ఆనకట్ట పైన అదనపు పలకలు నిలబెట్టడం, నది పొంగితే వాటిని తీసేయడం నీకు తెలియనివి కావు. ఆ రోజు తీయలేదు. ఆనకట్ట తెగి దిగువ వీధిలో ఆరుగురు పోయారు. కల్నల్ తీయమని చెప్పినా కాపరి వినలేదని నేను రాశాను. 'కాపరి కునుకు తీశాడు, నది తీయలేదు' అని కూడా రాశాను. ఆ వాక్యం ఎంత నచ్చిందంటే గదిలో తిరుగుతూ రెండుసార్లు పైకి చదువుకున్నాను. కాపరి ఎవరో తెలిసే చదువుకున్నాను. పేరు వేయలేదు కదా, నాన్న పోయి ఏడేళ్లయింది కదా, కాలేజీ ఉంది కదా అనుకున్నాను. పలకలు తీస్తానని నాన్న ఆ రోజు మూడుసార్లు మిల్లుకు వెళ్లాడని నువ్వు చెప్పేదానివి. దుఃఖంలో అన్న మాట అనుకున్నాను.

ఒక్కసారి జవదాటని మనిషి ఆ ఒక్కరోజే ఎందుకు జవదాటుతాడు? వరద గురించి ఊళ్లో ఇంకా గుసగుసలున్నాయి. కాపరి కొడుకే తండ్రి తప్పు ఒప్పుకుంటే ఇక ఎవరు నోరెత్తుతారు? నన్నే ఎందుకు పిలిచాడో ఇప్పుడు తెలిసింది.

అక్కడి నుంచి అచ్చాఫీసుకు వెళ్లాను. భర్త పోయాక మిసెస్ ఆర్కట్ ఒక్కతే నడుపుతోంది.

"ఒక పేజీ మార్చాలి" అన్నాను. "కల్నల్ గారిని అడగాలా?"

"ఆయన్నెందుకు? పుస్తకం మీద ఎవరి పేరుంటే వాళ్లే దిద్దాలి. మా ఆయన పెట్టిన పద్ధతి అది. నిన్నటిదాకా నీకా హక్కు లేదు నాయనా, ఆయనే చేతులారా ఇచ్చాడు. ఏ పేజీ?"

"ముప్పై ఒకటి."

ఆమె అక్షరాల పెట్టె మీద నుంచి చెయ్యి తీసింది. "మొదటి పేజీ, అదీ ఒకే పెద్ద కాగితం మీద అచ్చుపడి మడతపడతాయి. ఆ కాగితం ఒక్కటే ఇంకా అచ్చు కాలేదు. రేపు సాయంత్రం సభలో పుస్తకాలు పంచాలి. కాలేజీ పోతుంది, తెలుసుగా?"

"తెలుసు."

"మీ నాన్నయితే సరేనండీ అని తల వంచుకుని పోయేవాడు. నువ్వు అమ్మ పోలిక."

మధ్యాహ్నమంతా కూర్చుని కొత్త పేజీ రాశాను. ఏడు వాక్యాలు. సొగసు లేదు. నాన్న మూడుసార్లు వెళ్లడం ఉంది, నువ్వు చెప్పావని నీ పేరుతోనే ఉంది. జవదాటలేదన్న కల్నల్ మాట, ఆయన అన్నది అన్నట్టే ఉంది. మొదటి పేజీలో నా పేరూ నాన్న పేరూ అలాగే ఉంటాయి.

నా మనసు మారకుండా ఈ ఉత్తరం సాయంత్రం రైలుకే వేస్తున్నాను. నువ్వు జవాబు ఇక్కడికి రాయకు, బహుశా అప్పటికి నేను ఈ ఊళ్లో ఉండను. మిసెస్ ఆర్కట్ రేపు ఉదయం ఆరింటికి తలుపు తీస్తుంది. ఎనిమిదింటికి కల్నల్ మిల్లుకు వస్తాడు. సిరా ఆరకముందే మొదటి కాగితం నేనే తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెడతాను.

ఇట్లు,
నీకు పేజీ దాచిన కొడుకు,
రూఫస్